ఇంట్లోనే ఇంజన్ మౌంటింగులు మార్చాలి, ఇంజన్‌ని దేని మీద ఆపాలి?

కాకినాడ_కుర్రాడు (శుక్రవారం రాత్రి 9:42)

అందరికీ నమస్కారం. నాది 2013 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 1.3 లీటర్ ఇంజన్, తిరిగింది 1,38,000 కిలోమీటర్లు. సిగ్నల్ దగ్గర ఏసీ వేసి ఆగితే స్టీరింగు, గేర్ రాడ్డు, డాష్‌బోర్డు మీది వినాయకుడు అందరూ కలిసి వణుకుతున్నారు. రివర్స్ వేసి క్లచ్ వదిలితే కింద నుంచి ఠంగుమని ఒక దెబ్బ. మా వీధి మెకానిక్ చూసి మూడు ఫౌండేషన్లూ (ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు) పోయాయన్నాడు. మూడూ కొన్నాను. మార్చడం మాత్రం నేనే చేద్దామనుకుంటున్నాను. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ కేబుల్, గ్లో ప్లగ్గులు ఇదివరకు సొంతంగా మార్చినవాడినే.

నా దగ్గర 2 టన్నుల ట్రాలీ జాకీ, కారుతో వచ్చిన జాకీ, సాకెట్ సెట్టు ఉన్నాయి. లేపిన కారుని ఆపి ఉంచే స్టాండ్లు లేవు. ప్లాన్ ఇది: ముందు భాగం లేపి కింద సిమెంట్ ఇటుకలు పెట్టడం, తర్వాత ట్రాలీ జాకీని ఇంజన్ చాంబర్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద పెట్టి, మధ్యలో ఒక పలక వేసి, మూడు మౌంటింగులూ విప్పి కొత్తవి బిగించడం. ఉండేది మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, పని చేసేది సెల్లార్‌లో. ఇంజన్ కింద పడిపోతుందేమోనని ఒకటే టెన్షన్. ఈ ప్లాన్‌లో తప్పేమైనా ఉంటే చెప్పండి.

పానా_12_13 (శుక్రవారం రాత్రి 10:05)

తప్పులు లెక్కపెట్టే ముందు ఒక ప్రశ్న బ్రదర్. మౌంటింగులు పోయాయని నువ్వు కళ్లారా చూశావా? డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ ఒకటి సరిగ్గా కొట్టకపోయినా వణుకు అచ్చం ఇలాగే ఉంటుంది.

బోనెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేక్ లాగి, కాలి బ్రేక్ గట్టిగా తొక్కి పట్టి, ఫస్ట్ గేర్‌లో క్లచ్ కొద్దిగా వదిలి మళ్లీ తొక్కు. తర్వాత రివర్స్‌లో అదే పని. ఒకరు పక్కన నిలబడి ఇంజన్ ఎంత ఊగుతుందో చూడాలి. పక్కన అన్నాను, కారు ముందు ఎవ్వరూ నిలబడకూడదు. కొద్దిగా కదలడం మామూలే. ఇంజన్ లేచి ధబ్బుమని కూర్చుంటే మౌంటింగ్ పోయినట్టే. టైమింగ్ వైపు, అంటే కుడివైపు, ఉన్నది ఆయిల్ నింపిన రకమైతే దాని చుట్టూ తడి మరక ఉందేమో చూడు. రబ్బరు చీలితే అందులోని ద్రవం కారిపోతుంది.

కాకినాడ_కుర్రాడు (శుక్రవారం రాత్రి 10:31)

ఇప్పుడే కిందకి వెళ్లి మా ఆవిడని సీట్లో కూర్చోబెట్టి చూశాను అన్నా. రివర్స్‌లో ఇంజన్ మూడు వేళ్ల ఎత్తు లేచింది. కుడివైపు మౌంటింగ్ కింద నల్లగా జిగట. వాచ్‌మన్ వచ్చి "ఏంటి సార్ ఈ టైంలో" అన్నాడు.

మేస్త్రీ_బెజవాడ (శనివారం ఉదయం 5:50)

నేను ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు పని చేసి మానేసినవాణ్ణి. నీ ప్లాన్ చదివాక నిద్ర పట్టలేదు బాబూ.

ముందు ఒక మాట అడుగుతాను. కారు ఎందుకు లేపుతున్నావు? కుడివైపు మౌంటింగ్ ఎక్కడుంది? బోనెట్ ఎత్తితే పైనే కనిపిస్తుంది. ఎడమవైపుది గేర్‌బాక్స్ మీద, బ్యాటరీ ట్రే కింద ఉంటుంది. అదీ పైనుంచే. నాలుగు చక్రాలూ నేల మీదుండగా ఈ రెండూ మార్చవచ్చు. టైర్లను మించిన స్టాండు ఏ కంపెనీ చేయలేదు. కారు కింద దూరే అవసరం మూడోదానికే, అంటే వెనక కింద ఉండే టార్క్ రాడ్డుకి. అక్కడే అసలు సంగతి ఉంది. నీ కారులాంటి అడ్డం ఇంజన్లలో (బోనెట్ కింద అడ్డంగా కూర్చునేవి) బరువంతా పై రెండు మౌంటింగులే మోస్తాయి. కింద రాడ్డు బరువు మోయదు, ఇంజన్ ముందుకీ వెనక్కీ ఊగకుండా పట్టి ఉంచుతుంది, అంతే. కాబట్టి రాడ్డు విప్పేటప్పుడు ఇంజన్ కింద జాకీతో పనే లేదు.

అంచేత వరస ఇలా ఉండాలి. ముందు చక్రాలు నేల మీదుండగా కుడిది, అది పూర్తిగా బిగించాక ఎడమది. ఆ తర్వాతే కారు లేపి, స్టాండ్ల మీద పెట్టి, కింద రాడ్డు. ఇలా చేస్తే జాకీ మీద ఇంజన్ ఉన్న గంటలో నువ్వు కారు కింద ఉండవు, నువ్వు కింద ఉన్న గంటలో జాకీ మీద ఇంజన్ ఉండదు. నీ ప్లాన్‌లో రెండూ ఒకేసారి ఉన్నాయి. నాకు భయం వేసింది అందుకే.

మూడూ ఒకేసారి విప్పకు. ఒకటి విప్పు, ఒకటి బిగించు.

ఇక ఇటుకల సంగతి ఎవరైనా చెప్పండి, నాకు కోపం వస్తుంది.

పసుపు_ట్రాక్టర్ (శనివారం ఉదయం 7:15)

ఇటుకల సంగతి నేను చెబుతా. మా చిన్నాన్న కొడుకు జీపు ముందు చక్రం విప్పి సిమెంట్ బోలు ఇటుక మీద పెట్టిండు. అరగంట బాగానే ఉంది. తర్వాత ఏ చప్పుడూ లేకుండా ఇటుక పొడిపొడి అయిపోయింది. బండి బ్రేక్ డిస్క్ మీద కూలింది. అంతకు నిమిషం ముందే వాడు మంచినీళ్లకి లేచిండు. కింద పెట్టిన ఫోన్ రొట్టె అయింది. కర్ర అయితే విరిగే ముందు కిర్రుమంటుంది, ఇటుక ముందు చెప్పదు.

మా ఊళ్లో అయితే వేపచెట్టు కొమ్మకి మోకు కట్టి ట్రాక్టర్ ఇంజన్లు దింపేటోళ్లు. తమ్ముడికి సెల్లార్‌లో వేపచెట్టు ఉండదు అనుకో.

పానా_12_13 (శనివారం ఉదయం 8:20)

మోకు సరదాకి బాగుంది కానీ అన్నా, తాడు సాగుతుంది. ఇంజన్ బయటికి లాగాలంటే సరే. ఇక్కడ కావాల్సింది బోల్టు రంధ్రానికి రంధ్రం కలిసేలా అంగుళంలో పదో వంతు సర్దడం. నైలాన్ తాడుతో ఆ పని జరగదు.

మేస్త్రీ గారి వరసకి నాదీ ఓటు. చాంబర్ గురించి నాలుగు మాటలు. ముందు ఒక అయస్కాంతం తీసుకెళ్లి చాంబర్‌కి ఆనించి చూడు. అతుక్కుంటే ఇనప రేకు. అతుక్కోకపోతే అల్యూమినియం పోత, లేదా ప్లాస్టిక్. ఇప్పటి కొన్ని కార్లకి ప్లాస్టిక్ చాంబర్లు వస్తున్నాయి, వాటి మీద జాకీ ఆలోచనే వద్దు. అల్యూమినియానికి బరువు ఒక్కచోట పడితే పగులుతుంది. ఇనప రేకు పగలదు, సొట్ట పడుతుంది. ఆ సొట్ట చూసి "పోనీలే" అనుకుంటారు కానీ లోపల ఆయిల్ పీల్చే జల్లెడ చాంబర్ అడుగుకి చాలా దగ్గరగా ఉంటుంది. సొట్ట దాన్ని మూసేస్తే ఆయిల్ పంపుకి ఆయిల్ అందదు. మౌంటింగ్ మార్చబోయి బేరింగులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

కాబట్టి జాకీ తల నేరుగా చాంబర్‌కి తగలకూడదు. రెండంగుళాల మందం గట్టి చెక్క దిమ్మె, చాంబర్ అడుగు వెడల్పంత ఉండాలి. తుమ్మ అయినా టేకు అయినా పరవాలేదు, పార్టికల్ బోర్డు మాత్రం వద్దు. డ్రెయిన్ బోల్టు మీద పెట్టకు. దిమ్మెని చాంబర్ నడిబొడ్డున కాకుండా, చాంబర్ ఇంజన్ బ్లాకుకి బిగిసే అంచు వైపు జరుపు, అక్కడ గట్టిగా ఉంటుంది.

మేస్త్రీ_బెజవాడ (శనివారం ఉదయం 8:48)

నేనైతే చాంబర్ జోలికే పోను. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట కింద మందపాటి పోత అంచు ఉంటుంది. దిమ్మె అక్కడ పెడితే చాంబర్‌కి ఏ బాధా లేదు. అయితే కుడి మౌంటింగ్ విప్పితే కుడివైపు వాలుతుంది కదా, ఆ అంచు కొంచెం ఎడమకి ఉంటుంది. అప్పుడు మాత్రం చాంబర్ కుడి అంచుకి ఇంకో దిమ్మె ఆసరా ఇవ్వాలి. బండిని బట్టి చూసుకోవాలి.

ఓరుగల్లు_బొలెరో (శనివారం ఉదయం 9:30)

నిలువు ఇంజన్లకి (బండి పొడవునా కూర్చునేవి) కూడా ఇదే పద్ధతేనా మేస్త్రీ గారూ? నాది వెనక చక్రాలు తిరిగే బండి.

మేస్త్రీ_బెజవాడ (శనివారం ఉదయం 10:02)

కాదు. నీకు ఇంజన్‌కి రెండు పక్కలా రెండు, గేర్‌బాక్స్ కింద ఒకటి ఉంటాయి. మూడూ బరువు మోసేవే. ఇంజన్ లేపేటప్పుడు ఫ్యాన్ రెక్కలు రేడియేటర్‌కి తగులుతాయి, మధ్యలో దళసరి అట్టముక్క పెట్టుకో. మిగతాది వేరే థ్రెడ్‌లో అడుగు, ఇక్కడ కుర్రాడి పని ముందు చూద్దాం.

డాలస్_నుంచి (శనివారం మధ్యాహ్నం 12:10)

ఇక్కడ అర్ధరాత్రి, అయినా ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. కింద నుంచి మోయడమే ఎందుకు, పైనుంచి వేలాడదీయవచ్చు కదా? ఇంజన్ సపోర్ట్ బార్ అని ఉంటుంది. బోనెట్ కింద అటూ ఇటూ ఫెండర్ లోపలి అంచు మీద అడ్డంగా కూర్చునే ఒక ఇనప కడ్డీ, దానికి మరతో పైకీ కిందకీ తిరిగే కొక్కేలు. చైను ఇంజన్‌కి ఉండే లిఫ్టింగ్ కన్నానికి తగిలించి మర తిప్పుతూ బరువు అందుకుంటారు. ఇక్కడ ఆటోజోన్ లాంటి షాపులు డిపాజిట్ తీసుకుని టూల్స్ అరువిస్తాయి, తిరిగి ఇస్తే డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. నేను బార్ కూడా ఒకసారి అలాగే తెచ్చుకున్నాను.

హైడ్రాలిక్ జాకీకి వయసొస్తే సీలు కారి మెల్లగా దిగిపోతుంది, మరకి ఆ జబ్బు లేదు. ఒక్కో చుట్టుకి వెంట్రుకవాసి లేపవచ్చు. కింద జాకీ అడ్డం ఉండదు కాబట్టి చేతులు పెట్టడానికి చోటు దొరుకుతుంది.

బార్‌తో కూడా ప్రమాదాలు లేకపోలేదు. దాని పాదాలు ఫెండర్ పలచటి రేకు మీద కాదు, మడిచి వెల్డ్ చేసిన గట్టి అంచు మీద కూర్చోవాలి, లేకపోతే రేకు వంగిపోతుంది. చైను ఆల్టర్నేటర్ బ్రాకెట్‌కో, ప్లాస్టిక్ మ్యానిఫోల్డ్‌కో కట్టకూడదు. లిఫ్టింగ్ కన్నం లేకపోతే ఇంజన్ హెడ్‌లో ఖాళీ మర రంధ్రం వెతికి, తలమీద బలం గుర్తుగా 8.8 అని గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న బోల్టు వాడాలి. కిరాణా కొట్టు బోల్టు వద్దు.

పానా_12_13 (శనివారం మధ్యాహ్నం 1:05)

రాణీగంజ్‌లో అడిగితే సపోర్ట్ బార్ దొరుకుతుంది కానీ ఒక్క పనికి కొనడం దండగ. కొందరు స్ట్రట్ టవర్ల (బోనెట్ కింద ముందు సస్పెన్షన్ పైభాగం బిగిసే గట్టి చోట్లు) మీద అడ్డంగా నాలుగంగుళాల కర్ర దూలం వేసి చైను కడతారు. కర్ర మంచిదైతే నడుస్తుంది. జీఐ పైపుతో చేసిన ఒకాయన బార్ మాత్రం అరటిపండులా వంగిపోయింది, నేను చూశాను. పైపు బోలు కదా.

ఫిజిక్స్_టీచర్ (శనివారం సాయంత్రం 4:40)

నేను కారు రిపేర్లు చేయను కానీ ఒక ముఖ్యమైన విషయం ఇంకా ఎవరూ చెప్పలేదు అనిపించింది. జాకీ ఎంత వరకు కొట్టాలి?

ఇద్దరు మనుషులు బియ్యం బస్తా పట్టుకున్నారనుకోండి. ఒకరు వదిలేయాలంటే రెండోవారు బరువు అందుకోవాలి. అందుకోకముందే వదిలితే బస్తా కూలుతుంది. రెండోవారు అతిగా పైకి లాగుతుంటే మొదటివారు వదలగానే బస్తా ఎగిరి వారి మీదే పడుతుంది. ఇక్కడ మౌంటింగ్ మొదటి మనిషి, జాకీ రెండోవారు.

చక్రాలు నేల మీద ఉన్నప్పుడు ఇంజన్ కింద జాకీ కొడితే కారు ముందు భాగం కూడా కొద్దిగా లేస్తుంది. కంగారు పడకండి. ఇంతసేపూ ముందు స్ప్రింగుల మీద ఉన్న ఇంజన్ బరువు జాకీ మీదకి వస్తోంది, స్ప్రింగులు తేలికపడి సాగుతాయి. సరిగ్గా ఆ మౌంటింగ్ మోస్తున్న భారం అంతా జాకీ మీదకి వచ్చిన చోట రబ్బరు కిందకీ లాగబడదు, పైకీ లాగబడదు. బోల్టు వేళ్లతో తిరుగుతుంది. మీకు కావాల్సింది ఆ చోటు. అక్కడ ఆగకుండా కొడుతూ పోతే రబ్బరు ఎదురు సాగి, జాకీ ఇంజన్‌ని కాదు కారునే ఎత్తడం మొదలుపెడుతుంది. అప్పుడు బోల్టు తీస్తే కారు బాడీ ఒక్కసారిగా కిందకి దిగుతుంది. తక్కువ కొట్టి తీస్తే ఇంజన్ దిగుతుంది. రెండు సందర్భాల్లోనూ మధ్యలో వేలు ఉంటే వేలు పోతుంది.

మేస్త్రీ_బెజవాడ (శనివారం సాయంత్రం 5:15)

టీచర్ గారు చెప్పింది మేము చేత్తో నేర్చుకున్నది. మా గురువు "బోల్టుని అడుగు, జాకీని అడక్కు" అనేవాడు. బోల్టు సగం వచ్చి బిగిస్తుంటే ఇంకా బరువు ఉన్నట్టు. జాకీ ఒక్క పంపు కొట్టి చూడు. ఇంకా బిగిసిందా? అయితే ఎక్కువైంది, కొంచెం దించు. సుత్తి తీసుకుని బాదావంటే నీకు అర్థం కాలేదనే లెక్క.

ఇంకొకటి. ట్రాలీ జాకీ లేచేటప్పుడు దాని చేయి గుండ్రంగా తిరుగుతూ లేస్తుంది, అందుకే దాని చక్రాలు కొంచెం ముందుకి దొర్లాలి. సెల్లార్‌లో గరుకు టైల్స్ ఉంటే చక్రం గాడిలో ఇరుక్కుంటుంది, అప్పుడు జాకీ తల దిమ్మె మీద జారుతుంది. కింద నున్నటి నేల చూసుకో. జాకీ చక్రాల ముందు రాళ్లు పెట్టకు, రాళ్లు పెట్టాల్సింది కారు వెనక చక్రాలకి.

జాకీ కొట్టాక పది నిమిషాలు టీ తాగి రా. ఎత్తు తగ్గితే ఆ జాకీ పనికి రాదు. తగ్గకపోయినా పక్కన ఇంకో దిమ్మెల దొంతర పేర్చి ఉంచు, జాకీ జారితే ఇంజన్ దాని మీద ఆగుతుంది.

కాకినాడ_కుర్రాడు (శనివారం రాత్రి 9:10)

చాలా థ్యాంక్స్ అందరికీ. ఇటుకలు క్యాన్సిల్. రేపు ఉదయం పై రెండూ, స్టాండ్లు కొన్నాక కింద రాడ్డు. ఎంత ఎత్తు లేపితే ప్రమాదం? కొత్త మౌంటింగ్ పాతదానికంటే ఎత్తుగా ఉంటుందని షాపువాడు అన్నాడు.

పానా_12_13 (శనివారం రాత్రి 9:35)

పాతది కూలిపోయి ఉంటుంది కాబట్టి కొత్తది ఎత్తుగానే ఉంటుంది. సెంటీమీటరు వరకు లేపాల్సి రావచ్చు. అంతకు మించి లేపాల్సి వస్తే ఎక్కడో ఏదో అడ్డుపడుతోందని అర్థం, ఆగు. లేపుతున్నప్పుడు ఈ నాలుగు చూడు: సైలెన్సర్ పైపులో మెత్తగా వంగే జాలీ ముక్క, ఏసీ అల్యూమినియం పైపులు, రేడియేటర్ గొట్టాలు, ఆక్సిళ్లు. ఇంజన్ ఒక పక్కకి ఎక్కువ వాలితే ఆక్సిల్ లోపలి జాయింటు కప్పులోంచి బయటికి జారవచ్చు. అది మళ్లీ కూర్చోబెట్టడం ఇంకో ఆదివారం పని.

బ్యాటరీ మైనస్ వైరు ముందే తీసేయ్. స్టార్టర్ దగ్గర పానా తగిలి నిప్పులు వచ్చినప్పుడు ఈ మాట గుర్తుకు రావడం వల్ల లాభం ఉండదు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టు. ఈ రాత్రే బోల్టులకి తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచు.

కాకినాడ_కుర్రాడు (ఆదివారం ఉదయం 8:25)

మొదలైంది. చాంబర్‌కి అయస్కాంతం అతుక్కుంది, ఇనపదే. వడ్రంగి దగ్గర టేకు దిమ్మె దొరికింది. అసోసియేషన్ సెక్రటరీ వచ్చి ఆయిల్ మరకల గురించి ఉపన్యాసం ఇచ్చారు. అట్టపెట్టెలు పరిచి చూపించాక వెళ్లారు.

కాకినాడ_కుర్రాడు (ఆదివారం ఉదయం 9:50)

సమస్య. కుడి మౌంటింగ్ మూడు బోల్టుల్లో రెండు వచ్చేశాయి. మూడోది సగం వచ్చి ఆగింది. జాకీ రెండు పంపులు కొట్టాను, ఇంకా బిగిసింది. ఫెండర్‌కీ టైరుకీ మధ్య ఖాళీ ఎక్కువ కనిపిస్తోంది.

ఫిజిక్స్_టీచర్ (ఆదివారం ఉదయం 9:54)

మీరు కారుని ఎత్తేశారు. దించండి, మెల్లగా. చేతులు మౌంటింగ్ దగ్గర నుంచి తీసేయండి.

మేస్త్రీ_బెజవాడ (ఆదివారం ఉదయం 9:56)

జాకీ మర ఒక్కసారిగా వదలకు. కొద్దికొద్దిగా. బోల్టు మీద పానా ఉంచి చూస్తూ ఉండు, తేలికైన చోట ఆపు.

కాకినాడ_కుర్రాడు (ఆదివారం ఉదయం 10:40)

వచ్చేసింది. కొంచెం దించేసరికి బోల్టు వేళ్లతో తిరిగింది, టీచర్ గారు చెప్పినట్టే. అప్పటిదాకా నేను పానాకి పైపు తగిలించి లాగుతున్నాను, ఆ బోల్టు తెగి ఉంటే ఏమయ్యేదో.

పాత మౌంటింగ్ చూసి నవ్వొచ్చింది. రబ్బరు ఒక చోటే అతుక్కుని ఉంది, మిగతాదంతా ఇనుము మీద ఇనుము. కొత్తదానితో పక్కపక్కన పెట్టి చూస్తే 9 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తు. కొత్తది పెట్టేటప్పుడు రంధ్రాలు కలవలేదు, జాకీ అర పంపు కొడితే కలిశాయి. బోల్టులు ముందు చేత్తోనే ఎక్కించాను.

డాలస్_నుంచి (ఆదివారం ఉదయం 11:20)

చేత్తో ఎక్కించడం మంచి పని. అల్యూమినియం బ్రాకెట్లో మర ఒకసారి తప్పుగా ఎక్కితే బ్రాకెట్టే పోతుంది. మా వైపు యూరోపియన్ కార్లకి ఒక ఇబ్బంది: కొన్ని మౌంటింగ్ బోల్టులు ఒక్కసారి బిగించాక సాగిపోయే రకం, ప్రతిసారీ కొత్తవి వేయాలి. నీ కారు మాన్యువల్‌లో అలా ఉందేమో చూడు. ఏ బోల్టు ఎంత టార్క్‌తో బిగించాలో కూడా అందులోనే ఉంటుంది, గట్టిగా లాగడమే కొలత కాదు.

కాకినాడ_కుర్రాడు (ఆదివారం మధ్యాహ్నం 2:15)

ఎడమది కూడా అయిపోయింది. బ్యాటరీ, ట్రే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయడానికి గంట, అసలు పనికి ఇరవై నిమిషాలు. జాకీని గేర్‌బాక్స్ కిందకి జరిపాను. ఇంజన్ స్టార్ట్ చేశాను. వినాయకుడు నిశ్చలంగా ఉన్నాడు! రివర్స్ దెబ్బ మాత్రం ఇంకా ఉంది, కాకపోతే తగ్గింది.

మేస్త్రీ_బెజవాడ (ఆదివారం మధ్యాహ్నం 2:40)

దెబ్బ కింద రాడ్డుది. స్టాండ్లు కొనేటప్పుడు జాగ్రత్త. సిమెంట్ నేల మీదే పెట్టు. టైల్స్ జారతాయి, మట్టిలో కాళ్లు దిగబడతాయి.

డాలస్_నుంచి (ఆదివారం రాత్రి 8:30)

స్టాండ్ల గురించి ఒక మాట. 2020లో ఇక్కడ హార్బర్ ఫ్రైట్ అనే టూల్స్ షాపుల కంపెనీ వాళ్లు తమ 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను వెనక్కి పిలిచారు. పళ్ల మీద కూర్చోవాల్సిన నాలుక కొన్నిటిలో సరిగ్గా కూర్చోక స్టాండు ఒక్కసారిగా దిగిపోయే ప్రమాదం ఉందని తేలింది. అప్పటి నుంచి నేను రంధ్రంలో పిన్ను దూర్చే రకమే వాడుతున్నాను. పళ్ల రకం కొంటే నాలుక లోతుగా కూర్చుందో లేదో కళ్లతో చూడు.

స్టాండ్ల మీద దించాక, కింద దూరే ముందు, కారుని పక్క నుంచి గట్టిగా ఊపు. పడేదైతే నువ్వు బయట ఉండగానే పడాలి.

కాకినాడ_కుర్రాడు (తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12:50)

స్టాండ్లు కొన్నాను, పిన్ను రకమే. వెనక చక్రాలకి అడ్డుచెక్కలు, ఫస్ట్ గేర్, హ్యాండ్ బ్రేక్. ఊపాను, వాచ్‌మన్‌తో కూడా ఊపించాను. విప్పిన ముందు చక్రాలని పడుకోబెట్టి కారు అంచు కిందకి తోశాను, అదనపు ధైర్యానికి.

రాడ్డు విప్పేసరికి ఇంజన్ కొద్దిగా వెనక్కి జరిగింది, పడలేదు. కొత్తదాని రంధ్రం అరంగుళం తేడా వచ్చింది. గేర్‌బాక్స్‌ని టామీ రాడ్డుతో మెల్లగా ముందుకి నెట్టి పట్టుకుంటే బోల్టు దూరింది. పది నిమిషాల పని.

మేస్త్రీ_బెజవాడ (ఆదివారం మధ్యాహ్నం 1:15)

భేష్. రాడ్డు బోల్టులు ఇంకా పూర్తిగా బిగించలేదు కదా? బిగించకు. కారుని చక్రాల మీదకి దించి, ఇంజన్ స్టార్ట్ చేసి నాలుగైదు నిమిషాలు ఆడనివ్వు, ఆపు. ఇంజన్ తన చోటు తను వెతుక్కుంటుంది. అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించు. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగి ఉండిపోయి, కొత్త మౌంటింగ్‌తో కూడా వణుకు వస్తుంది. చాలామంది "డూప్లికేట్ సామాను ఇచ్చాడు" అని షాపువాణ్ణి తిట్టేది ఇక్కడే.

అయితే ఈసారి కింద దూరి బిగించాలి కాబట్టి ర్యాంపుల మీద ఎక్కించు, లేకపోతే సర్వీస్ పిట్ ఉన్న చోటుకి మెల్లగా పోనిచ్చి బిగించుకో.

కాకినాడ_కుర్రాడు (ఆదివారం సాయంత్రం 6:30)

పక్క వీధి వాటర్ వాషింగ్ వాడి ర్యాంపు మీద ఎక్కించి బిగించాను. వంద రూపాయలు అడిగాడు, ఇచ్చాను.

దెబ్బ పోయింది. ఏసీ వేసినా స్టీరింగ్ కదలడం లేదు. కాకపోతే 1,500 ఆర్‌పీఎం దగ్గర కొత్తగా సన్నని జుమ్మనే మోత వినిపిస్తోంది. రబ్బరు కొత్తది కాబట్టా?

పానా_12_13 (ఆదివారం సాయంత్రం 6:55)

రబ్బరు కావచ్చు, కొన్నాళ్లకి తగ్గుతుంది. కానీ ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు అన్నీ వేశావా చూడు.

కాకినాడ_కుర్రాడు (ఆదివారం రాత్రి 7:20)

ఒకటి వేయలేదు 😅 ఇప్పుడు మోత లేదు.

ఓరుగల్లు_బొలెరో (ఆదివారం రాత్రి 8:05)

తమ్ముడూ, ఆ టార్క్ రెంచ్, స్టాండ్లు వచ్చే ఆదివారం నాకు ఇస్తావా? హైదరాబాద్ వస్తున్నా.

కాకినాడ_కుర్రాడు (ఆదివారం రాత్రి 8:11)

వచ్చి తీసుకెళ్లు అన్నా. టేకు దిమ్మె కూడా ఇస్తాను. ఫ్యాన్‌కి అట్టముక్క మాత్రం నువ్వే తెచ్చుకో.